మస్తాను కాని ఖాదర్ వలి

మా మరిది ఖాదర్ వలిని మస్తాను అనేవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. లోకం ధ్యాస వదిలేసి దేవుడి ధ్యాసలో పడిపోయిన సాధువును మావాళ్లు మస్తాను అంటారు. నా ఎదురుగా ఆ మాట ఎవరైనా అంటే నేను ఊరుకోను. "మస్తానూ కాదు, మన్నూ కాదు. మనిషి. మా మౌలాబీ మొగుడు" అంటాను. లాల్‌బీ నోరు చెడ్డదని ఊళ్లో పేరు. చెడ్డదైతే చెడ్డదే. ఆ మాత్రం నోరు లేకపోతే మా ఇంట్లో నెగ్గుకొచ్చేదాన్ని కాదు.

మేం దూదేకులవాళ్లం. గుంటూరు నుంచి పత్తిపాడు వెళ్లే దారిలో, నల్లరేగడి మధ్య మా ఊరు. పత్తి, మిరప తప్ప ఇంకో మాట వినపడదు. మా మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ ఒకే వాకిట్లో రెండిళ్లు వేసుకున్నారు. పెద్దాయన బుడాన్ నా మొగుడు. చిన్నవాడు ఖాదర్ వలి. నేను కాపురానికి వచ్చేటప్పటికి వాడు లాగూ తొడుక్కుని తిరిగే పిల్లాడు. వదినా వదినా అంటూ నా కొంగు పట్టుకుని పెరిగాడు కాబట్టి వాణ్ని వాడు అనే అంటాను, ఎవరేమనుకున్నా సరే.

పెద్దయ్యాక అన్నతో పాటు దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ల మీదికి వెళ్లేవాడు. పాత పరుపులు విప్పి దూది ఏకి, మళ్లీ కూరి కుట్టి ఇవ్వడం మా పని. వాడు విల్లు నరం మీద కొయ్య వేస్తే ఆ మోతకు వీధిలో పిల్లలంతా పోగయ్యేవాళ్లు. ముసలమ్మలతో పరాచికాలు, రైతులతో వాదాలు. "ఏరా ఖాదరూ, నీ నోటికి తాళం లేదా?" అంటే, "ఉందిగానీ తాళంచెవి మా వదిన దగ్గరుంది" అనేవాడు. పని అయ్యేసరికి ఒళ్లంతా దూది నూగు పట్టేసేది. మా ఆయన తువ్వాలుతో దులుపుకుని అన్నానికి కూర్చునేవాడు. వాడు మాత్రం కుంకుడురసం అడిగి మరీ తలారా పోసుకునేవాడు. కంచం ముందు కూర్చున్నాక ఇక చెప్పక్కర్లేదు. పచ్చడిలో ఉప్పు తక్కువ, పులుసులో కారం ఎక్కువ, ఇంకో ముద్ద వెయ్యి వదినా. "ఎంత అడుగుతావురా?" అని కసిరితే, "అడగందే అమ్మయినా పెట్టదు వదినా" అని నవ్వేవాడు.

వాడికి చీరాల పక్క పల్లె నుంచి మౌలాబీని చేసుకొచ్చాం. బక్కపలచని పిల్ల, నోట్లో నాలుక లేదేమో అన్నట్టుండేది. ఈ పిల్ల ఈ వాగుడుకాయతో ఎలా వేగుతుందా అనుకున్నాను.

యాభై ఏడులో రంజాను నడివేసవిలో వచ్చింది. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి, మనుషులూ ఎండిపోతున్నారు. ఆ నెల మొదట్నుంచీ ఖాదరు మాట తగ్గించాడు. ఉపవాసం కదా, నీరసం అనుకున్నాం. పనికి రానన్నాడు. నమాజు కోసం అనుకున్నాం. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు కూడా ఒక ఖర్జూరం, గుక్కెడు నీళ్లు తీసుకుని పక్కకు జరిగేవాడు. ఊరంతా మెచ్చుకుంది. వయసులో ఉన్నవాడికి ఎంత భక్తి వచ్చిందో చూడండి అని ముల్లా సాయిబు నలుగురిలో అన్నాడు.

రంజాను చివరి పది రోజులు ఊరి తరఫున ఎవరో ఒకరు ఇల్లు వదిలి మసీదులోనే ఉండిపోవాలి. బయటికి రాకూడదు, లోకం మాటలు మాట్లాడకూడదు. దాన్ని ఏతికాఫ్ అంటారు. ఒక్కడు కూర్చుంటే ఊరందరికీ పుణ్యం. ఏటా పళ్లూడిన ముసలివాళ్లే కూర్చునేవాళ్లు. ఆ ఏడు ఖాదరు వెళ్లి మసీదు మూల కూర్చున్నాడు. మా ఆయన ఛాతీ ఉబ్బిపోయింది. మౌలాబీ మాత్రం నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఆయన కూర్చుంటానని అనలేదు. వెళ్లినవాడు లేవలేదంతే" అంది. నేను వినిపించుకోలేదు. పండగ పనుల్లో ఉన్నాను.

నెలవంక కనపడింది. తెల్లారి పండగ. కొత్త బట్టలు, అత్తరు, సేమ్యాలు. నమాజు అయిపోయి, ఒకరినొకరు కౌగిలించుకుని అందరూ ఇళ్లకు బయల్దేరారు. ఖాదరు మూలలోంచి కదల్లేదు. మా ఆయన వెళ్లి, "లేరా, పండగొచ్చేసింది, ఇంక చాల్లే" అన్నాడు. వాడు అన్న మొహం వంక చూశాడు, అంతే. మౌలాబీ సేమ్యా గిన్నె పట్టుకెళ్లి ముందు పెట్టింది. దాని మీద ఈగలు వాలాయిగానీ వాడి చెయ్యి వాలలేదు. మూడోనాడు మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాం. అది భక్తి కాదు, జబ్బు అని నాకు అప్పుడు భయమేసింది.

మొదట్లో గోడ వైపు తిరిగి గొణిగేవాడు. "ఎవరితోరా?" అంటే, "పిలుస్తున్నారు" అనేవాడు. పెదకాకాని దర్గాకు తీసుకెళ్లాం, తాయెత్తు కట్టించాం. గొణుగుడు ఒక రోజుంటే ఒక రోజు ఉండేది కాదు. దానికన్నా నన్ను ఏడిపించింది రెండోది. వాడిలో కోరిక అనేది ఇంకిపోయింది. ఆకలి అనడు, దాహం అనడు. నీళ్ల కుండ మంచం పక్కనే ఉంటుంది, పెదాలు పగిలిపోతుంటాయి, చెయ్యి చాచడు. కూర్చోబెడితే కూర్చుంటాడు, పడుకోబెడితే పడుకుంటాడు. కుంకుడురసం కోసం గొడవ చేసినవాడు నెలల తరబడి ఒంటి మీద చుక్క నీళ్లు పోసుకోలేదు. పళ్లు తోముకోడు. నవ్వడు, ఏడవడు, కోప్పడడు. చుట్ట మాత్రం ఎవరైనా వెలిగించి ఇస్తే తాగుతాడు. అదైనా కావాలని అడగడు.

నేను ఊరుకోలేదు. "ఒరేయ్ సోమరిపోతా, పెళ్లాం కల్లాల్లో తాలుకాయలు ఏరి నిన్ను మేపుతోంది, సిగ్గులేదూ?" అని అరిచేదాన్ని. వాడి చూపు నా మీద పడి గోడ మీదికి పోయేది. మౌలాబీ అడ్డమొచ్చేది. "తిట్టకక్కా. బద్ధకమైతే పడుకున్నవాడి మొహంలో సుఖం కనపడాలిగా. ఆ మొహంలో ఏముంది?" అంది. నా నోరు మూయించిన మొదటి మనిషి ఆ బక్కపిల్లే.

అలా మూడేళ్లు గడిచాయి. పిచ్చోడిల్లు అనే పేరు పడింది. పరుపులు ఏకించుకునేవాళ్లు కూడా మా గుమ్మం దాటి పక్కూరి వాళ్లను పిలిచేవాళ్లు. మా ఆయన బయట తల ఎత్తలేక, ఇంట్లో తల దించలేక నలిగిపోయాడు.

అప్పుడు వచ్చింది మహిమ. యలమందయ్య అని ఒక రైతు. ఆయన కల్లంలో మిరపకాయలన్నీ ఆరబోసి ఉన్నాయి, పైన మబ్బు కమ్ముకొస్తోంది. మొహం పీక్కుపోయి మా అరుగు ముందు నుంచి పోతూ, అక్కడ కూర్చున్న ఖాదరుకు తన నోట్లో చుట్ట తీసి ఇచ్చాడు. వాడు పీల్చి, తల తూర్పుకు తిప్పి పొగ వదిలాడు. వాన మా ఊరు దాటి తూర్పున ఉన్న ఊళ్లో పడింది. ఇంకేముంది! యలమందయ్య కల్లం తడవకుండా మస్తాను మబ్బును ఊదేశాడని తెల్లారేసరికి నాలుగూళ్లు పాకిపోయింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టయింది మా ఊరి సంగతి.

జనం రావడం మొదలుపెట్టారు. గురువారం అయితే బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. మా ఆయన ఊరి బయట రోడ్డు పక్కన పందిరి వేసి, పచ్చజెండా పాతి, తమ్ముణ్ని అక్కడ కూర్చోబెట్టాడు. నేను ఆయన్ని వాకిట్లోనే పట్టుకున్నాను.

"ఏమయ్యా, నీకు బుద్ధుందా? జబ్బు మనిషిని తీసుకెళ్లి ఎండలో బొమ్మలా పెడతావా?"

"నోరుముయ్యి. పిచ్చోడి అన్న అంటే ఈ గుమ్మంలోకి కుక్క కూడా రాలేదు. మస్తాను అన్న అంటే పెద్ద రైతులు లేచి నిలబడుతున్నారు. వాడికి పోయిందేముంది? ఇక్కడ కూర్చుంటాడు, అక్కడా కూర్చుంటాడు."

"మౌలాబీని అడిగావా?"

"దాన్ని అడిగేదేంటి? నా తమ్ముడు."

ఆయన చెడ్డవాడు కాదు. తమ్ముడంటే ప్రాణం. తమ్ముడు పిచ్చివాడు అనే మాట మింగుడుపడక, దేవుడు పట్టుకున్నాడు అనే మాటను కళ్లకద్దుకున్నాడు. కానీ తెలివిగలవాళ్ల చెడ్డతనం కన్నా ప్రేమగలవాళ్ల మూర్ఖత్వంతో వేగడం కష్టం, మొగుడితో వేగినదాన్ని, నాకు తెలుసు.

ఇన్నాళ్లూ వాడి మీద దేనికి ఏడ్చామో, ఇప్పుడు అదే గొప్ప అయింది. మాట్లాడడు, మౌనవ్రతం. తినడు, నిరాహారం. స్నానం లేదు, ఒంటి మీద లోకమే లేదు. మౌలాబీ బిందెతో నీళ్లు తీసుకెళ్లి ఒళ్లు కడగబోతే ఆడవాళ్లు చెయ్యి పట్టుకున్నారు. "మస్తానుకి నీళ్లు పోస్తే మహిమ కొట్టుకుపోద్దమ్మా, మా పైర్లు ఏం కాను?" అన్నారు. జుట్టు జడలు కట్టింది. చుట్ట అంటే ఇష్టమని చుట్టలు మొక్కుకునేవాళ్లు. ఒకటి ఆరకముందే ఇంకొకటి నోట్లో పెట్టేవాళ్లు. వాడు వద్దనడు కదా. వేళ్ల మధ్య కాలేదాకా పట్టుకునే కూర్చునేవాడు, వేళ్లు బొబ్బలెక్కేవి. దగ్గు పట్టుకుంది. నైవేద్యమని బతాసాలు, బెల్లం ముక్కలు నోట్లో కుక్కేవాళ్లు. మౌలాబీ పట్టుకెళ్లిన అన్నం మాత్రం కాకుల పాలయ్యేది. పళ్లు నల్లబడ్డాయి. పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా అదే పీట మీద. కాళ్లు పుల్లల్లా అయ్యాయి. ఇంత భక్తి లేకపోతే ఆ మనిషి ఇంకాస్త మెరుగ్గా ఉండేవాడు.

అరవై ఒకటి ఎండాకాలంలో ఒక గురువారం. మౌలాబీ నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. "అక్కా, నువ్వు రా. నేనొక్కదాన్నే పోతే దగ్గరికి రానివ్వడం లేదు. ఏదో వాసన వస్తోంది, సాంబ్రాణి వాసన కాదు" అంది. పందిరి నిండా జనం. ఒక్కొక్కరూ వంగి వాడి పాదాలు తాకి కళ్లకద్దుకుంటున్నారు. పాదాల మీద పచ్చశాలువా కప్పి ఉంది. శాలువా మీద పూలు, పూల మీద అత్తరు. మౌలాబీ ఎవరినీ ఏమీ అడగలేదు. సూటిగా వెళ్లి ఆ శాలువా లాగేసింది.

నేను చూశాను. చూడకపోతే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. చుట్ట నిప్పు ఎప్పుడో కుడికాలి వేళ్ల మధ్య పడినట్టుంది. అది కాలి, పుండై, చీము పట్టి, వేళ్లు నల్లబడిపోయి, పురుగులు లుకలుకలాడుతున్నాయి. ఇంతమంది రోజూ మొక్కిన కాలు అది. ఒక్కరంటే ఒక్కరు గుడ్డ ఎత్తి చూడలేదు.

మౌలాబీ వాడి గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. "నొప్పి లేదా?" అని అడిగింది.

"ఉంది" అన్నాడు.

నొప్పి తెలియడం లేదేమో, దేవుడు ఆ మాత్రం దయ చూపించాడేమో అనుకున్నాను అంతవరకూ. ఉందట. ఇన్ని రోజులూ ఉందట.

"మరి ఎందుకు చెప్పలేదు?" అంది మౌలాబీ. వాడు జవాబు వెతుకుతున్నట్టు చూశాడు.

నోట్లో నాలుక లేదనుకున్న ఆ పిల్ల అప్పుడు లేచి నిలబడి తిరిగింది. "పోండి! అందరూ పోండి! నా మొగుడు మస్తాను కాదు. కాలు కుళ్లిపోతున్న మనిషి. మీ పైర్లు మునిగిపోనీ!" అని అరిచిన అరుపుకు పందిరి ఖాళీ అయింది. మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. ఆయన్ని చూసేసరికి నా ఒళ్లు మండిపోయింది. "రావయ్యా, వచ్చి కళ్లకద్దుకో! ఎద్దు పుండు కాకికి ముద్దా? నీ పరువు కోసం తమ్ముడి కాలు తినేశావు గదయ్యా!" అన్నాను. ఆయన ఆ కాలు వంక చూసి, నేల మీద కూలబడి, తల బాదుకున్నాడు. తర్వాత లేచి తమ్ముణ్ని భుజాన వేసుకుని బండిలో చేర్చాడు. గుంటూరు వెళ్లేదాకా తమ్ముడి తల ఆయన ఒళ్లోనే ఉంది.

ఆసుపత్రిలో కుడి పాదం సగం తీసేశారు. ప్రాణం దక్కింది. అక్కడ మనసు జబ్బులు చూసే డాక్టరు గారొకాయన వచ్చి వాడితో మాట్లాడారు. గొణుగుడికి మాత్రలిచ్చారు. కొన్నాళ్లకు గోడలోంచి పిలుపులు ఆగిపోయాయి. మా ఆయన సంబరపడిపోయి, "ఇంకేం, రేపో మాపో లేచి విల్లు పట్టుకుంటాడు" అన్నాడు. వాడు లేవలేదు. మంచం పక్కన నీళ్లు అలాగే ఉన్నాయి, పెదాలు అలాగే పగిలి ఉన్నాయి.

మౌలాబీ డాక్టరు గారిని అడిగింది. "అయ్యా, మాటలు వినపడటం పోయింది. ఈ లేవకపోవడం ఎప్పుడు పోద్దండి?"

ఆయన అబద్ధం చెప్పలేదు. "చూడమ్మా, అతనికి వినపడిన గొంతులు ఈ జబ్బుకు ఒక కొస. ఆ కొసకు మందుంది. ఈ అడగకపోవడం, కదలకపోవడం, ఒంటిని పట్టించుకోకపోవడం, ఇదంతా రెండో కొస. దీనికి నా దగ్గర సరైన మందు లేదు. ఆకలి ఉంటుంది, నొప్పి ఉంటుంది. ఉందని లేచి చెప్పేటందుకు కావలసిందే లోపల అడుగంటింది. ఇది బద్ధకం కాదు, భక్తీ కాదు. ఇలాంటివాళ్లు పిచ్చి వల్ల చనిపోరు, ఒంటిని చూసుకోక చనిపోతారు. తిండి, స్నానం, నడక, పళ్లు తోమడం, వీటిని నువ్వు మొదలుపెట్టాలి. మొదలుపెట్టి ఇస్తే కొంత అతను సాగించగలడు."

"సాగిస్తాడాండి?" అంది మౌలాబీ. ఆ ముక్క పట్టుకుని ఇంటికొచ్చింది.

మా ఆయన ఆ రోజే వెళ్లి పందిరి పీకేశాడు. అడిగినవాళ్లకు, "మా తమ్ముడికి జబ్బు" అని చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు, అందుకే ఆ రోజు ఏమీ అనలేదు.

మౌలాబీ చేసిన కాపురం ఇక చెబుతాను. ఒకే పళ్లెంలో అన్నం కలిపి ఇద్దరి మధ్యా పెట్టేది. పెళ్లయిన కొత్తలో దంపతులు అలా తింటారు కదా, చూసి ముసలివాళ్లు నవ్వేవాళ్లు. వాడి చెయ్యి తీసుకుని అన్నంలో పెట్టి, మొదటి ముద్ద నోటిదాకా తీసుకెళ్లేది. రెండోదీ అంతే. ఆ తర్వాత చెయ్యి దానంతటది నడిచేది. కొన్నాళ్లు ఆగిపోయేది, మళ్లీ మొదటి ముద్ద నుంచి. పొద్దున్నే ఎదురెదురుగా కూర్చుని తనో వేపపుల్ల నమిలేది, వాడికో పుల్ల. స్నానానికి మొదటి చెంబు తను పోసి, రెండో చెంబు వాడి చేతికిచ్చేది. చుట్ట పూర్తిగా మాన్పించలేకపోయింది. చేతికర్రతో వీధి చివరిదాకా తనతో నడిచొస్తే ఒకటి వెలిగించి, అయ్యేదాకా పక్కనే కూర్చుని, కొస ఆర్పేసేది. పొద్దు వాలాక పెసల్లో రాళ్లేరినట్టు వాడి ఒళ్లంతా వెతికేది. వేళ్ల సందులు, చెవుల వెనక, అరికాళ్లు. ఎక్కడ గీత పడినా చెప్పడు కదా. వెతకడం అయ్యాక రోజూ ఒకటే ప్రశ్న. "ఎక్కడన్నా నొప్పా?" వాడు తల అడ్డంగా ఊపేవాడు, లేకపోతే అదీ లేదు. ఉన్నా అడ్డంగానే ఊపుతాడని మా ఇద్దరికీ తెలుసు.

నాకు విసుగొచ్చి ఒకసారి అన్నాను. "ఎందుకే ఈ చాకిరీ? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. మీ పుట్టింటివాళ్లు ఇంకో మనువు చూస్తామంటే పోకపోయావా?"

"నాకోసం ఏడవకక్కా. నేనున్నన్నాళ్లూ నేను వెతుకుతాను. నేను పోతే ఎవరు వెతుకుతారు? నాకు ఆయన విల్లు పట్టక్కర్లేదు, నవ్వక్కర్లేదు. నొప్పేస్తే ఇంకొకళ్ల దగ్గరికి పోయి నొప్పి అని చెప్పడం వస్తే చాలు. అది వస్తే బతికేస్తాడు" అంది.

దాని కోరిక అంత చిన్నది. ఇన్నేళ్లలో నేను దేవుణ్ని ఎన్నో అడిగాను. ఇంత చిన్నది ఎప్పుడూ అడగలేదు.

అరవై నాలుగు వానల్లో దానికే జ్వరం తగిలింది, విషజ్వరం. నేను కూలికి వెళ్లి సాయంత్రం వచ్చి చూస్తే అది మూలుగుతోంది, వాడు పక్కనే పీట మీద కూర్చుని ఉన్నాడు. కుండలో నీళ్లున్నాయి, నేను పొద్దున పెట్టిన అన్నం మూత తియ్యకుండా ఉంది. దానికీ ఇవ్వలేదు, వాడూ తినలేదు. నాకు చెప్పలేని కోపం వచ్చింది. "పెళ్లాం చచ్చిపోతుంటే చెంబుడు నీళ్లు ఇవ్వలేవూ? రాయివిరా నువ్వు!" అని మీదికి పోయాను. ఆ జ్వరంలోనే మౌలాబీ చెయ్యెత్తి ఆపింది. "రాయి కాదక్కా. పొద్దున్నుంచీ నా కాలు వదల్లేదు, చూడు" అంది. నిజమే. దుప్పటి కింద వాడి చెయ్యి దాని పాదం పట్టుకుని ఉంది. తీయబోతే తీయనివ్వలేదు. ప్రేమ ఉన్నా నీళ్లు ముంచే చెయ్యి రాకపోతే మనిషి బతకడు అని నాకు ఆ రోజు భయం పట్టుకుంది. మౌలాబీ భయం అదే. మౌలాబీ లేచేదాకా నాకూ మా ఆయనకూ కంటి మీద కునుకు లేదు.

లేచిన తర్వాత మళ్లీ అదే పని మొదలుపెట్టింది. పళ్లెం, పుల్ల, చెంబు, నడక. ఇంకో రెండేళ్లు.

అరవై ఆరు మిరప కాపు బాగా వచ్చింది. మేం ఆడవాళ్లమంతా యలమందయ్య కల్లంలో తాలు ఏరుతున్నాం. ఎర్రటి ఎండ, ఎర్రటి కాయలు, తుమ్ములు, దగ్గులు. పున్నమ్మ అని మా పక్కన ఏరే మనిషి తల ఎత్తి, "అదేంటే, మీ ఖాదరు కాదూ?" అంది.

ఖాదరే. చేతికర్ర పోటేసుకుంటూ, సగం పాదం ఈడ్చుకుంటూ, ఒక్కడూ, డొంకలోంచి వస్తున్నాడు. పక్కన ఎవరూ లేరు. ఎవరూ పిలవలేదు. తొమ్మిదేళ్లలో వాడు ఒక్కడూ గుమ్మం దాటింది లేదు. అందరం ఏరడం ఆపేశాం. మౌలాబీ లేవలేదు. లేస్తే వాడు ఆగిపోతాడేమోనని భయపడిందట, తర్వాత చెప్పింది. వాడు కాయల కుప్ప చుట్టూ తిరిగి వచ్చి దాని ఎదురుగా నిలబడ్డాడు. నుదురంతా చెమట. పెదాలు కదిలాయి, ఆగాయి.

"మౌలాబీ," అన్నాడు. "పన్ను నొప్పి."

మౌలాబీ తల ఎత్తింది. "ఏంటి?" అంది.

"పన్ను," అని దవడ చూపించాడు. "నొప్పిగా ఉంది."

మౌలాబీ భోరుమంది. ఏడుస్తూనే నవ్వుతోంది, నవ్వుతూనే ఏడుస్తోంది. చేతుల నిండా మిరప కారం, కళ్లు తుడుచుకోవడానికి లేదు. నేను తుడుద్దామంటే నా చేతులూ అంతే, అక్కడున్న ఆడవాళ్లందరి చేతులూ అంతే. కన్నీళ్లు గడ్డం మీద నుంచి కాయల్లోకి కారిపోతున్నాయి. "ఏమైందే, పన్ను నొప్పికి ఏడుస్తావేంటే?" అంది పున్నమ్మ. "చెప్పాడు పున్నమ్మా! తనే వచ్చి చెప్పాడు!" అని కల్లం దద్దరిల్లేలా అరిచింది మౌలాబీ. నేను మోచేత్తో నా మొహం తుడుచుకుని, "ఇంటికి పదండి, ఇద్దరూ పదండి" అన్నాను.

మర్నాడు మొదటి బస్సుకే గుంటూరు వెళ్లాం. నేనూ వెళ్లాను, మా ఆయనా వచ్చాడు. పళ్ల డాక్టరు నోరు తెరిపించి చూసి, పన్ను పీకేసి, మౌలాబీ మీద కేకలేశాడు. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా? ఇది నిన్నటిదీ మొన్నటిదీ కాదు. ఆర్నెల్ల నుంచి పోటు పెడుతూ ఉండాలి. ఎలా ఓర్చుకున్నాడో!"

మౌలాబీ తల వంచుకుని ఆ మాటలు పడింది. బస్సులో వాడు దూది కరిచిపెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. అది వాడి దవడ వంకే చూస్తూ కూర్చుంది. నేను డాక్టరు మాటలకు బాధపడుతోందనుకుని, "పోనీలేవే, ఆ డాక్టరుకేం తెలుసు" అన్నాను.

అది నా వైపు తిరిగింది.

"ఆర్నెల్లు పట్టిందక్కా, పాపం" అంది. "అయినా వచ్చాడు."